కొండలు ముందు అక్కకు చూపించాలి

జూన్ 9, పీలమేడు

ప్రయాణం ఖాయం. బావకు మిల్లులో సెలవు దొరికింది. స్పిన్నింగ్ మాస్టరు మూడు వారాలు లేకపోతే నూలంతా తెగి కూర్చుంటుందన్నట్టు మేనేజరు మూతి ముడుచుకున్నాడట. చివరికి సంతకం పెట్టాడు. లడఖ్... మ్యాపులో బావ వేలు పెట్టి చూపించాడు — దేశం నెత్తిమీద. చెట్టూ చేమా లేని కొండలు, వాన పడని ఎడారి, చీకటి పడితే నక్షత్రాలు నెత్తికి తగిలేలా ఉంటాయట.

ఎగురుకుంటూ వంటింట్లోకి పోయి అత్తతో చెప్పాను. అత్త వెంటనే కొంగుతో కళ్లొత్తుకుంది. "పావం, ఆమె ఆశపడిన చోటు. నువ్వైనా పొయ్యి చూసేసి రా అమ్మిణీ."

నువ్వైనా.

జూన్ 10

తెలియకేం. అక్క ఏదో తమిళ వారపత్రికలో ఆ కొండల బొమ్మ చూసి కత్తిరించి బీరువా తలుపుకు అంటించింది. మూడేళ్లయింది ఆమె పోయి. బొమ్మ ఇంకా అక్కడే ఉంది. రోజూ ఆ తలుపు తెరిచి నా చీర తీసుకుంటాను.

మెడలో అక్క బిళ్ల. మాలో రెండో పెళ్లాం మెడలో తాళి పక్కన, పోయిన మొదటామె పేరిట బంగారు బిళ్ల ఉండాలి. చింతగింజంత. కొత్త చీర కట్టే ముందు దానికి తాకించాలి. తొలి మామిడిపండు ముక్క దానికి చూపించాకే నా నోట్లోకి. దీపావళి నూనె ముందు దానికి, తరవాత నా మాడుకు. పెళ్లయి ఏడాదిన్నర. ఈ ఇంట్లో ఎంగిలి కానిది ఒక్కటీ నా దాకా రాలేదు — మొగుడితో సహా.

రాసేశాను. పాపమేమో. పోనీ. ఈ ఇంట్లో తెలుగు మాట్లాడని వాళ్లు లేరు, చదవగలిగిన వాళ్లూ లేరు. అందరిదీ తమిళ బడి. మధురైలో అమ్మమ్మ పక్కన కూర్చుని అక్షరాలు దిద్దింది నేనొక్కదాన్నే. అక్కకు ఓపిక లేక లేచిపోయేది. ఇదొక్కటి నాది.

జూన్ 12

రేపు రైలు. నిమ్మిని మా నాన్న వచ్చి మధురైకి తీసుకుపోయారు. అక్క కూతురు, తొమ్మిదేళ్లది. బస్సు కిటికీలోంచి "చిన్నమ్మా, మంచు తీసుకొని రా" అని అరిచింది. నన్నింకా చిన్నమ్మా అనే అంటుంది. అదేం తప్పు కాదు, నేను దానికి చిన్నమ్మనే.

అత్త చివరి పాఠం: "కొత్త చోటు ఏది చూసినా ముందర దానికి చూపించేసి ఆమీద నువ్వు చూడాల. మరిచిపొయ్యేవు. ఆమెకు కోపం వస్తే మన ఇంటికి మంచిది కాదు."

కొండలు కూడానా అత్తా అని అడిగాను. కొండలే కదా ఆమె అడిగింది, అంది.

జూన్ 14, రైల్లో

ఎండ. దుమ్ము. పులిహోర అయిపోయింది.

జూన్ 15, ఇంకా రైల్లోనే

బావ నిద్రలో చేయి ఆడిస్తున్నాడు — తెగిన నూలు అతికిస్తున్నట్టు. నవ్వొచ్చింది. చాలాసేపు చూస్తూ కూర్చున్నాను. అక్క మొగుడుగా ఉన్నప్పుడూ బావే, నా మొగుడయ్యాకా బావే. ఆయనా అంతే. అప్పుడూ "చిన్నీ", ఇప్పుడూ "చిన్నీ". మరదలితనం ఎక్కడ అయిపోయిందో, పెళ్లాంతనం ఎక్కడ మొదలైందో ఎవరూ నాకు చెప్పలేదు.

జూన్ 17, శ్రీనగర్

శాలువా కొన్నాడు. మా ఇద్దరికీ హిందీ రాదు. ఆయన ఇంగ్లీషు, కొట్టువాడి చేతులు, మధ్యలో నా తల ఊపడం. ఊలును రెండు వేళ్ల మధ్య నలిపి, లాగి, పీచు పొడవు చూశాడు. కొట్టువాడికి ఒళ్లు మండింది. మిల్లు మనిషి కదా, గుడ్డ కనబడితే ఆగదు.

నాకు ముదురు ఎరుపు కావాలి. ఆయన బూడిద నీలం తీశాడు. "ఇది మీ అక్కకు బాగుంటాది..." అని ఆగి, "ఉండే" అన్నాడు. దిద్దుకున్నాడు. నీలమే కట్టించాడు.

గదికి వచ్చి బిళ్లకు తాకించి కప్పుకున్నాను. వెచ్చగానే ఉంది. అసూయగా ఉంది నాకు. ఏ పేరూ పెట్టి తప్పించుకోను. చచ్చిపోయిన మనిషి మీద, ఒకే పక్కలో పడుకుని పెరిగిన మనిషి మీద అసూయ. ఆమె లేదు కాబట్టి కొట్లాడ్డానికీ లేదు. బతికుంటే జుట్టు పట్టుకునేదాన్ని.

జూన్ 18, కార్గిల్

బస్సు ప్రయాణం. పెద్ద కనుమ. ఒక పక్క మంచు గోడ, ఇంకో పక్క చూడకూడదు. నోరు తెరుచుకుని చూస్తున్నాను. వెనక సీట్లోంచి ఎవరో దేవుణ్ణి పిలుస్తున్నారు. బావ నా చెవి దగ్గర—

"చూపిస్తివా?"

చూపించలేదు. మరిచిపోయాను. స్వెటర్ లోపల, రవిక లోపల చేయి పెట్టి వెతికి, బిళ్ల బయటికి లాగి, కిటికీలోంచి చాచి పట్టుకున్నాను. ముందు సీటు తెల్లదొరసాని చూసి, ఏదో పూజ అనుకుని చేతులు జోడించింది. బావ తృప్తిగా వెనక్కి వాలాడు. నేను మళ్లీ తల తిప్పేసరికి కనుమ దాటిపోయింది.

ఆమె చూసింది. నేను చూడలేదు.

జూన్ 19, లేహ్

వచ్చేశాం. తల పగిలిపోతోంది. ఇంత దూరం ఎడారి కొండల మధ్యే వచ్చాం — పచ్చన అన్నది లేదు. రాయి ఎరుపు, రాయి ఊదా, ఒకచోట పసుపుకొమ్ము రంగు. మనుషులు పుట్టకముందు దేవుడు ఇంతవరకు చేసి, మిగతాది తరవాత చూద్దామని వదిలేసినట్టుంది. ఒక్కసారిగా వాగు, దాని గట్టున బార్లీ చేను, తెల్ల ఇళ్లు. అక్కడ ఏడుపొచ్చింది. ఎందుకో తెలీదు.

"చూపిస్తివా?"

చూపించానని అబద్ధం చెప్పాను. మొదటి అబద్ధం. చాలా తేలిగ్గా వచ్చింది.

మాకు గది ఇచ్చిన ఇంటావిడ పెద్దది, బుగ్గలు ఎర్రగా కమిలి ఉన్నాయి. మాట కలవదు. రెండు అరచేతులూ చెంప కింద పెట్టి చూపించింది — పడుకోండి, తిరగొద్దు, పడుకోండి. ఉప్పు వేసిన టీ ఇచ్చింది. వెన్న తేలుతోంది. బావ తాగేసి "పరవాయిల్లె" అన్నాడు, ఫరవాలేదని. నేను కిటికీ పక్కన చెట్టుకు పోశాను.

జూన్ 21

నిన్న రాయలేదు.

నిన్న చీకటి పడ్డాక బావ మిద్దె మీదికి పిలిచాడు. కంబళి చుట్టుకుని ఎక్కాను. తల ఎత్తాను... ఏం రాయను. పీలమేడులో మిల్లు దీపాల మధ్య మేము చూసేది ఆకాశం కాదు, దాని చిరిగిన ముక్క. ఇక్కడ నల్లగా ఉన్న చోటే తక్కువ. పాలపుంత కార్డింగ్ మిషన్లోంచి జారే దూది పొరలా, తెగకుండా, ఈ కొండ నుంచి ఆ కొండ దాకా. ఊపిరి ఆగింది. బావ చేయి పట్టుకున్నాను. ఆయనా పట్టుకున్నాడు. పెళ్లయ్యాక మొదటిసారి, పక్కన ఎవరూ లేరు అనిపించింది.

అప్పుడు మొదలుపెట్టాడు. "అదో, గరిటె. మీ అక్క అట్టనే అంటాది. అదో, కదురు..." ఒక్కొక్క చుక్కా వేలుతో. ఒక్కొక్కదానికీ మీ అక్క. సరే, వాళ్లిద్దరూ క్వార్టర్స్ మేడ మీద పడుకుని పెట్టుకున్న పేర్లు, వాళ్లవి. పళ్లు బిగబట్టి విన్నాను.

తరవాత దక్షిణం వైపు, కొండ అంచున, ఎర్రటి చుక్క. నవ్వాడు. "అది మా అమ్మ ముక్కుపుడక. మీ అక్క పెట్టిన పేరే."

కాదు.

కాదు, కాదు. అది నేను పెట్టిన పేరు. బి.ఏ. మొదటి ఏడాది సెలవులకు వాళ్లింటికి పోయినప్పుడు. అక్క కింద నిమ్మిని నిద్రపుచ్చుతోంది. మేడ మీద చాపలో నేను, కాస్త దూరంగా గోడకు ఆనుకుని బావ. ఆ ఎర్ర చుక్క చూసి "మీ అమ్మ ముక్కుపుడక బావా, ఈడ కూడా మనల్నే చూస్తా ఉండాది" అన్నాను. కింద అత్తకు వినబడుతుందని నోరు మూసుకుని నవ్వాం ఇద్దరం. అక్క అక్కడ లేనే లేదు! ఆమెకు ఆ ధైర్యమూ లేదు — అత్త ముక్కుపుడకతో వేళాకోళమాడే మనిషా ఆమె?

ఆమెవన్నీ నాకు ఎంగిలిగా వచ్చాయి, ఊరుకున్నాను. నాదంటూ ఉన్న ఒక్క చుక్కా ఆమె చేతిలో పెట్టేశాడు.

తల నొప్పని కిందికి దిగిపోయాను. గదిలో కూర్చుని బిళ్ల కొక్కెం విప్పాను. పౌడరు డబ్బాలో వేసి మూత బిగించాను.

జూన్ 21, సాయంత్రం

ఏమీ కాలేదు. సూర్యుడు వచ్చాడు, పోయాడు. మెడ తేలిగ్గా ఉంది.

జూన్ 22

ఈ రోజు నాది. మొత్తం నాది.

పొద్దున్నే ఒక్కదాన్నే వాగు దాకా పోయాను. కొండ కొసన వెలుగు పడి కిందికి జారుతుంటే నేనే ముందు చూశాను. ఎవరికీ చూపించలేదు. ఇంటావిడ ఎండు ఆప్రికాట్లు పెట్టింది, నేరుగా నోట్లో వేసుకున్నాను. ఎంత తీపి! ఈ ఏడాదిన్నరలో ఇంత తీపి ఏదీ తినలేదు. పళ్లదా, పొగరుదా తెలీదు.

మధ్యాహ్నం బావను బయల్దేరదీశాను. ఊరి పైన కొండ మీద పాత రాజుగారి కోట, ఆ పైన గుడి. ఇంటావిడ అడ్డం పడి అరచేతులు చెంప కింద పెట్టి చూపించింది. నేను నవ్వి దాటేశాను. బావ సగంలోనే ఆయాసపడ్డాడు. "కొంజం ఉండు చిన్నీ." ఉండలేదు. ముందు ముందు ఎక్కాను, పైనుంచి రండి రండి అని పిలిచాను. ఆయన చేయి పట్టి లాగాను కూడా. పైకి చేరాక కళ్లు తిరిగేంత లోకం. ఆయన రొప్పుతూ, నన్ను చూసి, "ఇంత నవ్వతా నిన్ను చూసి ఎంత కాలమాయె" అన్నాడు.

చూపిస్తివా అని అడగలేదు. మరిచిపోయాడు! మరిపించాను. గెలిచాను అనుకున్నాను. ఆ మాటే అనుకున్నాను.

జూన్ 23

బావకు ఊపిరి అందడం లేదు.

జూన్ 24, ఆసుపత్రి వరండా

నిన్న తెల్లవారేసరికి దగ్గు. పెదవులు నీలంగా. కూర్చుంటే గాని ఊపిరి లేదు, లోపల నీళ్లు మరిగినట్టు చప్పుడు. నేనేం చేశాను? డాక్టరు కోసం పరిగెత్తానా? లేదు. పౌడరు డబ్బా కోసం పరిగెత్తాను. మూత రాలేదు. నేలకేసి కొట్టాను. పౌడరంతా గది నిండా, అందులో మోకాళ్ల మీద బిళ్ల వెతుకుతూ — "అక్కా, నన్ను కొట్టు, నన్ను, ఆయన్నేం చేశావే, నీ మొగుడే కదే..." అని అరిచాను. ఆ అరుపుకు ఇంటావిడ వచ్చింది. నన్ను ఒక్క చూపు చూసి, ఆయన్ని చూసి, బయటికి ఉరికి జీపు తెచ్చింది. నేను బిళ్ల గుప్పిట్లో పెట్టుకుని ఎక్కాను.

డాక్టరు చిన్నవాడు. ఆక్సిజన్ పెట్టి, ఇంగ్లీషులో తిట్టాడు. ఎత్తుకు వచ్చిన వాళ్లు కొన్నాళ్లు కదలకుండా ఉండాలని ఎవరూ చెప్పలేదా? ఆ కొండ ఎక్కమన్నదెవరు? ఊపిరితిత్తుల్లో నీరు చేరింది, ఇంకాస్త ఆలస్యమైతే మనిషి దక్కడు.

చెప్పింది. అరచేతులు చెంప కింద పెట్టి మరీ చెప్పింది ఇంటావిడ. ఎక్కించింది నేను.

అక్క కోపం కాదన్నమాట. గాలి చాలకపోవడం. తెలిసింది, నమ్మాను కూడా. అయినా గుప్పిట విప్పలేదు.

జూన్ 25

తేలికపడ్డాడు. గంజి తాగాడు. దిగువకు పంపేయాలన్నారు, విమానంలో.

జూన్ 26

ఇది రాయాలి. ఉన్నదున్నట్టు రాయాలి.

ఈ మధ్యాహ్నం ముక్కుకు గొట్టం పెట్టుకుని దిండ్లకు ఆనుకుని ఉన్నాడు. నా మెడ వైపు చూశాడు.

"బిళ్ల యాడ?"

"తీసేస్తిని."

కోప్పడలేదు. "ఏమిటికి?"

చెప్పేశాను. ఒక్క ఊపులో. "ముక్కుపుడక నేను పెట్టిన పేరు బావా. అక్క కాదు. ఆ పొద్దు అక్క మేడ మీద లేదు. అన్నీ ఆమెకే ఇస్తిరి, అది కూడా ఇచ్చేస్తిరి. అందుకే తీసేస్తిని." జబ్బు మనిషి అని కూడా చూడలేదు. ఏడ్చాను. పక్క మంచం ముసలాయన అటు తిరిగి పడుకున్నాడు.

బావ ముక్కు దగ్గర గొట్టం సర్దుకున్నాడు. తరవాత మెల్లగా—

"తెలుసు."

"ఏం తెలుసు?"

"అది నువ్వు పెట్టినదే. నాకెట్ట మరిచిపోతాది?"

"మరి ఏమిటికి ఆమె పేరు చెప్తిరి?"

ఊపిరి తీసుకున్నాడు. ఒకటి, ఇంకొకటి. "నీదని చెప్తే, ఎప్పటి నించి గుర్తు పెట్టుకొని ఉండావు అని అడగతావు కాదా. అందుకే అన్నీ ఆమె పేరు మీదనే చెప్తా ఉండాను. అంతా ఆమెదే అంటా ఉంటే..." ఆగిపోయాడు. "నాకు కొంచెం నిమ్మళంగా ఉంటాది."

కళ్లు మూసుకున్నాడు. నిద్ర కాదు. నాకు తెలుసు, నిద్ర పోతే ఆయన చేయి ఆడుతుంది.

అదే రోజు, తరవాత

సంతోషం. ముందు వచ్చింది అదే. సిగ్గు లేదు నాకు. వరండాలో నిలబడి, ఎదురుగా ఆ బోడి కొండలన్నిటినీ చూస్తూ నవ్వుకున్నాను. ఎంగిలి కాదు. ఆమె ఉండగానే, ఆమె తాళి ఆమె మెడలో ఉండగానే, ఒకటి నా పేరు మీద దాచిపెట్టుకున్నాడు.

ఈ వాక్యం రాసి చదువుకున్నాను. 'ఆమె ఉండగానే' అన్న మాట దగ్గర ఆగి, పుస్తకం మూసేశాను.

జూన్ 28, ఢిల్లీ

విమానం. కింద కొండలు. ఇద్దరమూ కిటికీ వైపు చూశాం. చూపిస్తివా అని అడగలేదు ఆయన.

జూన్ 30, రైల్లో

బావ బాగా నిద్రపోతున్నాడు. దగ్గు లేదు. బిళ్ల నా చేతిసంచిలో ఉంది. రుమాల్లో చుట్టి పెట్టాను. అత్త గుమ్మంలోనే అడుగుతుంది, అన్నీ చూపించావా అని. మెడ ఖాళీగా చూస్తే ఏమంటుందో. తగిలించుకుందామని రెండుసార్లు తీశాను. ఏ ముఖంతో తగిలించుకోను?

ఇన్నాళ్లూ ఆమె మీద ఏడ్చాను. ఇప్పుడు లెక్క తిరగబడింది. ఏడవాల్సింది ఆమె. ఆమెకు తెలిసి ఉంటే. తెలిసి ఉండదు. ఏముందని తెలియడానికి — ఒక చుక్కకు ఒక పేరు, ఇద్దరం నవ్వాం, అంతే. చేయి కూడా తగల్లేదు. నేను కాలేజీ పిల్లను, అక్క మొగుడితో వేళాకోళాలు మామూలే, ఇంటింటా ఉన్నదే. బావ మనసులో ఏముందో నాకే తెలీదు, ఆమెకెలా తెలుస్తుంది?

జూలై 1, రైల్లో

గుర్తొచ్చింది.

మేము నోరు మూసుకుని నవ్వుతుంటే అక్క నిమ్మిని పడుకోబెట్టి మెట్లెక్కి వచ్చింది. చేతిలో నీళ్ల చెంబు. "ఏమిటికి నవ్వతా ఉండారు?" అని అడిగింది. ఆమె కూడా నవ్వుతూనే అడిగింది. తన అత్త మీద వేళాకోళం, చెబితే భయపడుతుందని...

"ఏమీ లేదు" అన్నాను నేను. "ఏమీ లేదు" అన్నాడు బావ. ఇద్దరమూ ఒకేసారి.

అక్క చెంబు కింద పెట్టింది. కాసేపు మా మధ్య చాప మీద కూర్చుంది. ఆకాశం వైపు చూడలేదు. దోమలు అని, పదండి కిందికి అంది.

మరుసటి ఏడు సెలవులకు నన్ను పిలవలేదు. ఇంట్లో చోటు లేదని అమ్మకు చెప్పి పంపింది. ఆ మరుసటి ఏడూ పిలవలేదు. మిల్లు మాస్టరు పెళ్లాం కదా, పెద్దదైపోయింది, చెల్లెలు గుర్తుంటుందా అని మధురైలో అమ్మ దగ్గర నోరు పారేసుకున్నాను. అమ్మ ఆ మాట ఆమెకు చెప్పిందట. అక్కకు తెలుసు.